కైమేరా అనే దెయ్యపు సొర: తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద కళ్లు, సన్నటి తోక, పొలుసుల్లేని నున్నటి ఒళ్లు, ముఖం నిండా కుట్లు వేసినట్లు గీతలు. లోతు సముద్రంలో తీసిన వీడియోల్లో ఈ చేప కనిపించిన ప్రతిసారీ దాదాపు ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. జవాబులకు ముందు ఒక మాట. కైమేరాల్లో యాభైకి పైగా జాతులున్నాయి. ‘కైమేరా ఇలా ఉంటుంది, అలా చేస్తుంది’ అని మనం చదివేదంతా చాలావరకు రెండు మూడు జాతులను చూసి రాసింది. అవి కూడా ఒడ్డుకు దగ్గరగా, మనిషి చేతికి అందే లోతుకు వచ్చేవి. అందుకే కింది జవాబుల్లో ‘ఏ జాతి’ అన్న మాట కాస్త విసుగు పుట్టించేంతగా కనిపిస్తుంది. దాన్ని వదిలేసి చెబితే మాత్రం సగం అబద్ధమవుతుంది.

ఇది సొరచేపేనా?

కాదు. మృదులాస్థి చేపల్లో సొరలు, టేకు చేపలు (ఇంగ్లిష్‌లో రే చేపలు) ఒక శాఖ. కైమేరాలు రెండో శాఖ. దీన్ని శాస్త్రంలో హోలోసెఫాలి అంటారు. ఈ రెండూ విడిపోయి సుమారు 40 కోట్ల ఏళ్లయింది. అంటే డైనోసార్లు పుట్టడానికి పదిహేను కోట్ల ఏళ్లకు పైగా ముందే వేరు కాపురం పెట్టాయన్నమాట.

డిగ్రీలో జంతుశాస్త్రం చదివి, ప్రాక్టికల్స్‌లో స్కోలియోడాన్‌ను కోసినవారికి తేడా ఇట్టే తెలుస్తుంది. ఆ సొరకు తల పక్కన అయిదు మొప్ప చీలికలు విడివిడిగా ఉంటాయి. కైమేరాకు పక్కకు ఒక్కటే ద్వారం, దాని మీద మెత్తటి మూత. సొర పై దవడ పుర్రెకు అతుక్కుని ఉండదు, కరిచేటప్పుడు ముందుకు వస్తుంది. కైమేరా పై దవడ పుర్రెలో కలిసిపోయింది. సొర నోట్లో పళ్లు వరసలు వరసలుగా ఊడుతూ, కొత్తవి వస్తూ ఉంటాయి. కైమేరాకు విడి పళ్లు లేవు. పైన రెండు జతలు, కింద ఒక జత పలకలు ఉంటాయి. అవి అరుగుతున్నకొద్దీ పెరుగుతూనే ఉంటాయి. ఇక చర్మం సంగతి. సొర ఒంటిని తోక నుంచి తలవైపు నిమిరితే అరచేయి గీసుకుపోతుంది. కైమేరా ఒళ్లు ఎటు నిమిరినా జారిపోతుంది.

ఎన్ని రకాలు ఉన్నాయి?

మూడు కుటుంబాలు. మొదటిది ఏనుగు చేపలది. ఇందులో మూడే జాతులు, మూడూ దక్షిణార్ధగోళంలోనే ఉన్నాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైపు ఒకటి, దక్షిణాఫ్రికా తీరంలో ఒకటి, దక్షిణ అమెరికా తీరంలో ఒకటి. ముట్టె చివర కిందికి వంగిన కండ తునక వల్ల వీటికి ఆ పేరు వచ్చింది. రెండో కుటుంబం పొడుగు ముక్కు కైమేరాలది. మిగిలినవన్నీ పొట్టి ముక్కువి. జాతుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. ఐరోపా జాలర్లు కుందేలు చేప అని పిలిచే కైమేరా మాన్‌స్ట్రోసాకు, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ 1758లోనే పేరు పెట్టాడు. అమెరికా పడమటి తీరంలో ఎలుక చేప అని పిలిచే మచ్చల కైమేరా కూడా ఈ కుటుంబానిదే. దాని శాస్త్రీయ నామం హైడ్రోలాగస్ కోలీయై. ఈ పేజీలో మచ్చల కైమేరా అంటే ఇదే.

లెక్క ఇంకా పూర్తికాలేదు. కాలిఫోర్నియా వైపు నల్లటి కైమేరా ఒకదాన్ని 2009లో కొత్త జాతిగా వర్ణించారు. న్యూజిలాండ్‌కు తూర్పున సముద్రం అడుగున ఉన్న చాతమ్ రైజ్ అనే మెట్ట దగ్గర దొరికిన పొడుగు ముక్కు జాతికి 2024లో హారియోటా ఏవియా అని పేరు పెట్టారు. దాన్ని వర్ణించిన బ్రిట్ ఫినూచి తన అమ్మమ్మ జ్ఞాపకంగా ఆ పేరు ఎంచుకున్నారు. లోతు చేపల మీద పనిచేసేవారికి ఆ మాత్రం మమకారం చూపే అవకాశం రావడం సంతోషమే.

ఎంత లోతులో ఉంటాయి?

ఖండాల అంచు నుంచి సముద్రం అడుగు వాలుగా దిగిపోతుంది. ఎక్కువ జాతులు ఆ వాలు మీద, సుమారు 200 మీటర్ల నుంచి 2,000 మీటర్ల లోతు వరకు, నేలకు దగ్గరగా తిరుగుతాయి. కొన్ని 3,000 మీటర్ల దాకా దిగుతాయి. ఆర్కిటిక్, అంటార్కిటిక్ జలాల్లో తప్ప అన్ని మహాసముద్రాల్లోనూ ఉన్నాయి.

మినహాయింపులే మనకు మేలు చేశాయి. మచ్చల కైమేరా అలాస్కా ఆగ్నేయ తీరం నుంచి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా దాకా ఉంటుంది. 900 మీటర్లకు పైగా లోతులోనూ దొరుకుతుంది, ఉత్తరాన కొన్నిచోట్ల గజఈతగాడు చేరగలిగిన లోతుకూ వస్తుంది. సియాటిల్ నగరం పక్కనున్న ప్యూజెట్ సౌండ్‌లో పరిశోధకులు అడుగు వల వేస్తే పడే చేపల బరువులో పెద్ద వాటా దీనిదే. ఆస్ట్రేలియా ఏనుగు చేప గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ అఖాతాల్లోకి వస్తుంది. కైమేరాల శరీర నిర్మాణం, పిండాభివృద్ధి, జన్యువుల గురించి ఇప్పుడున్న పరిజ్ఞానంలో సింహభాగం ఈ రెండింటి నుంచి వచ్చిందే.

3,000 మీటర్ల కంటే లోతుకు ఎందుకు వెళ్లవు?

ఇది ఒక్క కైమేరాల ప్రశ్నే కాదు. సొరలు, టేకులు కూడా ఆ గీత దగ్గరే ఆగిపోతాయి. అస్థి చేపలు మాత్రం 8,000 మీటర్లు దాటి బతుకుతున్నాయి. దీనికి రెండు కారణాలు చెబుతారు. మొదటిది తిండి. మృదులాస్థి చేపలకు గాలితిత్తి లేదు. నూనెతో నిండిన పెద్ద కాలేయమే వాటిని తేల్చి ఉంచుతుంది. ఆ నూనె తయారుచేసుకోవాలంటే బాగా తినాలి. లోతుకు దిగేకొద్దీ పైనుంచి రాలే తిండి తగ్గిపోతుంది.

రెండోది రక్తంలోని రసాయనాలు. ఈ చేపలు ఉప్పునీటిలో ఒంటి నీరు పోకుండా ఉండటానికి యూరియాను ఒంట్లోనే నిల్వ ఉంచుకుంటాయి. యూరియా ఎక్కువైతే ప్రోటీన్ల ఆకృతి చెడుతుంది. ఆ హాని తగలకుండా టీఎంఏఓ అనే మరో పదార్థం కాపాడుతుంది. లోతులో నీటి ఒత్తిడి నుంచి ప్రోటీన్లను కాపాడేదీ ఇదే. కాబట్టి లోతు పెరిగేకొద్దీ దాన్ని పెంచుకుంటూ, యూరియాను తగ్గించుకుంటూ పోవాలి. సుమారు 3,000 మీటర్ల దగ్గర ఆ సర్దుబాటుకు ఇక చోటు మిగలదన్నది వాదన. ఈ రెండో కారణం నాకు ఎక్కువ నచ్చుతుంది. తిండి కొరతను ఏదో ఒక జాతి ఎక్కడో ఒకచోట దాటి ఉండేది. రసాయనాల లెక్క అన్ని జాతులకూ ఒక్కటే.

నిజంగా ఒక్క ఎముక కూడా లేదా?

లేదు. అస్థిపంజరమంతా మృదులాస్థే. సొరల వెన్నుపూసల్లో సున్నం పేరుకుని గట్టిపడుతుంది. కైమేరాల్లో అది కూడా తక్కువే. మన పిండదశలో కనిపించి తర్వాత వెన్నుపూసలకు చోటిచ్చే పృష్ఠవంశం వీటిలో జీవితాంతం ఉండిపోతుంది.

ఎముక ఎందుకు లేదన్నదానికి మంచి ఆధారం 2014లో దొరికింది. సింగపూర్‌లో బైరప్ప వెంకటేశ్ నాయకత్వంలోని బృందం ఆస్ట్రేలియా ఏనుగు చేప జన్యురాశిని చదివి నేచర్ పత్రికలో ప్రచురించింది. మృదులాస్థి చేపల్లో పూర్తిగా చదివిన మొదటి జన్యురాశి అదే. పరిమాణంలో మనిషి జన్యురాశిలో మూడో వంతు కావడంతో దాన్ని ఎంచుకున్నారు. ఎముకలో కాల్షియం ఫాస్ఫేట్ పేరుకోవడానికి తోడ్పడే ఒక ప్రోటీన్ల జన్యు కుటుంబం అస్థి చేపల్లోనూ మనలోనూ ఉంది. ఏనుగు చేపలో అది లేదు. ఇక్కడితో ఆగిపోయి ఉంటే అది ఊహగానే మిగిలేది. వాళ్లు జీబ్రా చేపలో ఆ కుటుంబానికి చెందిన జన్యువు ఒకదాన్ని పనిచేయకుండా అణచి చూశారు. ఎముక ఏర్పడటం తగ్గిపోయింది.

అదే పరిశోధనలో ఇంకో సంగతి బయటపడింది. ఏనుగు చేప జన్యువుల్లో మార్పు చాలా నెమ్మదిగా జరుగుతోంది. అప్పటిదాకా చదివిన వెన్నెముక జీవులన్నిటిలోనూ, చాలా నెమ్మదిగా మారుతుందని పేరుపడ్డ సీలకాంత్ అనే చేప కంటే కూడా, ఇదే నిదానం.

అయితే దీన్ని ‘సజీవ శిలాజం’ అనవచ్చా?

పత్రికల్లో అలాగే రాస్తారు. నాకు మాత్రం ఆ మాట గిట్టదు. జన్యువులు నెమ్మదిగా మారాయంటే ఒళ్లు మారలేదని అర్థం కాదు. కైమేరా పొట్టను పోగొట్టుకుంది, ఒంటి మీది పొలుసులను దాదాపు పూర్తిగా వదిలేసింది, పళ్లను పలకలుగా మార్చుకుంది, పై దవడను పుర్రెలో కలిపేసుకుంది. కోట్ల ఏళ్లుగా ఒకేలా పడి ఉన్న జీవి చేసే పనులు కావివి.

వీటి పాత బంధువుల్లో ఎంత వైవిధ్యం ఉండేదో శిలాజాలు చెబుతాయి. దక్షిణాఫ్రికాలోని కరూ ప్రాంతంలో దొరికిన ద్వైకాసెలాకస్ అనే చేప పుర్రె వయసు సుమారు 28 కోట్ల ఏళ్లు. పైకి చూస్తే సొర లక్షణాలే. 2017లో సీటీ స్కాన్ చేసి లోపల మెదడు పట్టే గూటిని, చెవి భాగాన్ని చూస్తే కైమేరాల పోలికలు బయటపడ్డాయి. కింది దవడలో పళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉండే హెలికోప్రియాన్ శిలాజం శాస్త్రవేత్తలను వందేళ్లకు పైగా తికమకపెట్టింది. చాలాకాలం సొరగానే బొమ్మలు గీశారు. 2013లో అదీ స్కాన్‌కు చిక్కింది. అది కూడా కైమేరాల వైపు బంధువేనని తేలింది. ఇప్పుడు మిగిలిన కొద్ది జాతులను చూసి ఈ వంశమంతా ఇంతేనని అనుకోవడం పొరపాటు.

పొట్ట లేదా? మరి తిన్నది ఎలా అరుగుతుంది?

పొట్ట అంటే ఇక్కడ జీర్ణాశయం. అది లేదన్నది నిజం. ఆమ్లం ఊరే సంచి లేదు. ఆమ్లాన్ని తయారుచేసే జన్యువులు, ఆ ఆమ్లంలో పనిచేసే పెప్సిన్ జన్యువులు కూడా ఏనుగు చేపలో లేవు. తిన్నది నోటి నుంచి నేరుగా పేగులోకి పోతుంది. పేగులో మెలికలు తిరిగిన మడత ఒకటి ఉంటుంది. అది సొరల్లోనూ ఉండే సర్పిల కవాటమే. దానివల్ల పేగు పొట్టిగా ఉన్నా ఆహారం అందులో ఎక్కువసేపు తిరుగుతుంది.

అరగదీసే పనిలో సగం నోట్లోనే అయిపోతుంది. మచ్చల కైమేరా పీతలు, రొయ్యలు, ఆల్చిప్పలు, పురుగులు, చిన్న చేపలు తింటుంది. నోరు చిన్నదే అయినా, ఆల్చిప్ప పెంకును ఆ పలకల మధ్య పెట్టి నొక్కితే పగిలి తీరాల్సిందే. పై దవడ పుర్రెలో కలిసిపోవడం వల్ల వచ్చిన లాభం ఇదే. నొక్కిన బలం వృథా పోదు.

ముఖం మీద ఆ గీతలు ఏమిటి?

అవి పార్శ్వ రేఖా వ్యవస్థలోని కాలువలు. నీటి కదలికను పసిగట్టే ఈ ఏర్పాటు చేపలన్నిటికీ ఉంది. చాలా చేపల్లో అది చర్మం కింద గొట్టంగా ఉంటుంది. పొట్టి ముక్కు కైమేరాల్లో అది తెరిచిన గాడిగా బయటికే కనిపిస్తుంది. వాటి మధ్యన, ముఖ్యంగా ముట్టె చుట్టూ, చిన్న చిన్న రంధ్రాలు కూడా ఉంటాయి. వాటి పేరు లోరెంజిని అంపుల్లాలు. లోపల జిగురు పదార్థం నిండి ఉంటుంది. ఇసుకలో కూరుకుపోయిన పీత కండరాలు కదిలినా పుట్టే కొద్దిపాటి విద్యుత్తును ఇవి పట్టేస్తాయి. పొడుగు ముక్కు ఉన్నవాటికి, ఏనుగు చేపకు ఆ ముక్కు ఇందుకే పనికొస్తుంది. అడుగు ఇసుక మీద దాన్ని ఆడిస్తూ పోతే కింద ఏముందో తెలిసిపోతుంది.

కళ్లు కూడా పనిలేనివి కావు. కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంది. అందుకే జలవాహనాల దీపం పడగానే పచ్చగా మెరుస్తాయి.

ఎలా ఈదుతుంది? ఎలా ఊపిరి పీలుస్తుంది?

సొరలా తోకతో తోసుకుంటూ పోదు. ఛాతీ దగ్గరున్న రెండు పెద్ద వాజాలను రెక్కల్లా కొడుతూ పోతుంది. నిదానంగానే కదులుతుంది. కానీ కావలసిన చోట ఆగగలదు, తిరగగలదు. ఊపిరి విషయం కాస్త వింత. నోరు మూసుకునే ఉంటుంది, నీళ్లు ముక్కు రంధ్రాల గుండా లోపలికి వెళ్లి మొప్పల మూత కింద నుంచి బయటికి వస్తాయి.

మగ చేప నుదుటి మీద కొక్కెం ఉంటుందంటారు, నిజమేనా?

నిజమే. దాన్ని టెనాక్యులం అంటారు. మచ్చల కైమేరా మగపిల్లల్లో అది రెండు కళ్ల మధ్య తెల్లటి మొటిమంత ఉంటుంది. ఈడు వచ్చేసరికి పొడుగై, లేచి వంగే కొక్కెంగా తయారవుతుంది. మామూలుగా నుదుటి మీది గుంటలో ముడుచుకుని ఉంటుంది. జతకట్టేటప్పుడు పైకి లేస్తుంది. ఆడదాని ఛాతీ వాజాన్ని దానితో పట్టుకుంటుంది. నీటిలో జారిపోయే ఒంటిని పట్టి ఉంచడానికి చేతులు లేని జీవికి ఇదొక ఉపాయం. వీర్యాన్ని లోపలికి చేర్చే క్లాస్పర్లు పొట్ట కింద, సొరల్లో ఉన్నట్లే వేరే ఉన్నాయి. వాటికి ముందు ఇంకో జత ముళ్ల పట్టుకొమ్ములు కూడా ఉన్నాయి.

ఆ కొక్కెం చివర వంకర ముళ్లు వరసలుగా ఉంటాయి. అవేమిటన్నది చాలాకాలం తేలలేదు. సొర ఒంటి మీది పొలుసుల లాంటివేనని చాలామంది అనుకున్నారు. అమెరికాలో కార్లీ కోహెన్, గారెత్ ఫ్రేజర్, మైకేల్ కోట్స్ బృందం వాషింగ్టన్ రాష్ట్రంలోని సాన్ హువాన్ దీవుల దగ్గర పట్టిన చేపలను స్కాన్ చేసి, కణజాలాన్ని పరిశీలించి 2025లో ఫలితాలు ప్రకటించింది. అవి పొలుసులు కావు, పళ్లే. నోట్లో పళ్లు పుట్టించే ప్రత్యేక కణజాలం ఒకటుంది. అది నోటికి మాత్రమే పరిమితమని అనుకునేవారు. మచ్చల కైమేరా నుదుటి మీద కూడా అదే కణజాలం నుంచి పళ్లు వరసలుగా మొలుస్తున్నాయి. సుమారు 31.5 కోట్ల ఏళ్ల నాటి హెలోడస్ అనే బంధువు శిలాజంలోనూ ఇలాంటి పళ్ల కొక్కెం ఉంది. దాని జాడ అక్కడి నుంచే మొదలవుతోంది. నోట్లో పళ్ల వరసలను వదిలేసిన చేప వాటిని నుదుటి మీద దాచుకుందన్నమాట. ఈ జీవి గురించి ఒక్క సంగతే గుర్తుపెట్టుకోవాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

పిల్లలను కంటుందా, గుడ్లు పెడుతుందా?

సొరల్లో పిల్లలను కనేవీ ఉన్నాయి, గుడ్లు పెట్టేవీ ఉన్నాయి. కైమేరాలన్నీ గుడ్లే పెడతాయి. ఒక్కో విడతకు రెండు, ఒక్కో అండనాళం నుంచి ఒకటి. మగదాని వీర్యాన్ని ఆడది ఒంట్లో నిల్వ చేసుకోగలదు.

మచ్చల కైమేరా గుడ్డు విడుదల కావడమే పెద్ద తతంగం. తోలులాంటి గట్టి తొడుగు బయటికి రావడానికి 18 నుంచి 30 గంటలు పడుతుంది. వచ్చాక కూడా వెంటనే విడిపోదు. సన్నటి తీగతో తల్లి ఒంటికి వేలాడుతూ కొన్ని రోజులు దానితోపాటే తిరుగుతుంది. చివరికి అడుగున బురదలోనో గులకరాళ్ల మీదో పడుతుంది. పిల్ల బయటికి రావడానికి ఏడాది దాకా పట్టవచ్చు. వచ్చే పిల్ల సుమారు 14 సెంటీమీటర్లు ఉంటుంది, చూడటానికి తల్లిదండ్రుల నకలే. తల్లీ తండ్రీ దగ్గర ఉండరు. గుడ్డులోని సొనే దాని ఆస్తి. ఆస్ట్రేలియా ఏనుగు చేప గుడ్డు తొడుగు 25 సెంటీమీటర్ల దాకా ఉంటుంది.

లోతు జాతుల్లో పిల్లలు కనబడటం అరుదు. 2022లో న్యూజిలాండ్ శాస్త్రవేత్తలకు చాతమ్ రైజ్ దగ్గర సుమారు 1,200 మీటర్ల లోతున అప్పుడే గుడ్డు నుంచి వచ్చిన పిల్ల ఒకటి వలలో దొరికింది. దాదాపు పారదర్శకమైన తెల్లటి చర్మం, నల్లటి కళ్లు. పొట్ట ఇంకా సొనతో ఉబ్బి ఉంది. ఏ జాతి పిల్లో చూసి చెప్పలేక, చర్మం ముక్క తీసి జన్యు పరీక్షకు పంపారు.

ఎంతకాలం బతుకుతుంది?

సొర వయసును వెన్నుపూసల్లోని వలయాలు లెక్కపెట్టి చెబుతారు. కైమేరా వెన్నుపూసల్లో అవి ఏర్పడవు కాబట్టి వీపు ముల్లును అడ్డంగా కోసి అందులోని పొరలు లెక్కపెడతారు. ఈశాన్య అట్లాంటిక్‌లోని కుందేలు చేపల్లో అలా లెక్కిస్తే 30 ఏళ్ల మగవి, 26 ఏళ్ల ఆడవి కనిపించాయి. ఆడవి 11 ఏళ్లకు, మగవి 13 ఏళ్లకు కాస్త అటూ ఇటుగా ఈడుకు వస్తాయి. ఇంత ఆలస్యంగా ఎదిగి, విడతకు రెండే గుడ్లు పెట్టే చేప వల దెబ్బకు తట్టుకుని త్వరగా కోలుకోలేదు.

మనిషికి ప్రమాదమా?

మొదటి వీపు వాజం ముందు పొడుగాటి ముల్లు ఒకటుంది. కావాలనుకుంటే నిలబెడుతుంది, లేదంటే పడుకోబెడుతుంది. అందులో విషం ఉంది. మనిషికి గుచ్చుకుంటే బాగా నొప్పి, వాపు, అంతే. చేప తనంతట తాను వచ్చి కుట్టదు. వల విప్పేటప్పుడు చెయ్యి పెడితేనే ఆ ముప్పు. సముద్ర సింహాల బంధువులైన హార్బర్ సీళ్లకు మాత్రం ఇది ప్రాణాంతకం కావచ్చు. వాషింగ్టన్ తీరంలో చనిపోయిన కొన్ని సీళ్లకు శవపరీక్ష చేస్తే, మింగిన మచ్చల కైమేరా ముల్లు లోపలి అవయవాల్లో దిగబడి కనిపించింది. ఆరు మొప్పల సొరలు, లింగ్‌కాడ్ చేపలు మాత్రం దీన్ని తింటూనే ఉన్నాయి.

తినవచ్చా?

ఏనుగు చేపను న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో తింటారు. తెల్లటి మాంసం, వేపుళ్లకు వాడతారు. న్యూజిలాండ్‌లో దాని వేటకు ఏటా ఇంతని పరిమితి ఉంది. మచ్చల కైమేరాకు మాత్రం వంటింట్లో మంచి పేరు లేదు. తిన్నాక నోట్లో ఒక ఇబ్బందికరమైన రుచి మిగులుతుందంటారు. మన కోస్తాలో పాలసొర వండేవారికి ఆ యూరియా ఘాటు తెలిసిందే. చేప ఆలస్యమైతే అదే అమోనియాగా మారి వాసన కొడుతుంది. కైమేరాకూ అదే రసాయనం. ఐరోపాలో కుందేలు చేప కాలేయ నూనెను ఒకప్పుడు సున్నితమైన పనిముట్లకు కందెనగా వాడేవారు.

మన దేశంలో ఉందా?

ఉంది. అరేబియా సముద్రంలో కొడవలి ఆకారపు వాజం ఉన్న పొడుగు ముక్కు జాతి, నియోహారియోటా పిన్నాటా, కేరళ తీరంలో లోతు రొయ్యల కోసం వేసే ట్రాల్ వలల్లో పడుతుంటుంది. దాని కోసం వల వేసేవారు లేరు, రొయ్యలతోపాటు పైకి వస్తుంది. మన తూర్పు తీరపు రేవుల్లో కనిపించే మృదులాస్థి చేపలంటే సొరలు, టేకులే. తీరానికి దగ్గరగా తిరిగే పడవల వలలు కైమేరా ఉండే లోతుకు దిగవు. రేవులో కనిపించలేదు కాబట్టి సముద్రంలో లేదని మాత్రం అనుకోకూడదు.

వీడియోలో చూసి ఏ జాతో చెప్పవచ్చా?

చాలాసార్లు కష్టం. 2009లో మాంటెరీ బే అక్వేరియం పరిశోధన సంస్థ వారి రిమోట్ జలవాహనం కాలిఫోర్నియా, హవాయి దగ్గర లోతులో ముక్కు మొనదేలిన నీలి కైమేరాను పలుమార్లు చిత్రించింది. అప్పటిదాకా హైడ్రోలాగస్ ట్రోలై అనే ఆ జాతి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, న్యూ కాలెడోనియా వైపు మాత్రమే ఉందనుకునేవారు. నిపుణులు ఫుటేజిని పట్టిపట్టి చూసి 2016లో ప్రచురించారు. అప్పుడు కూడా ‘ఆ జాతిని పోలినది’ అనే రాశారు. చేప చేతికి చిక్కి, వాజాలూ ముల్లూ కొలిచి, జన్యువులు సరిచూస్తే తప్ప ఖాయం చేయలేమన్నారు. ఆ వీడియోను పంచుకున్నవారిలో ఈ షరతు ప్రస్తావించినవారు బహు తక్కువ.

అక్వేరియంలో చూడవచ్చా?

మచ్చల కైమేరాను అమెరికా, కెనడా పడమటి తీరంలోని కొన్ని పెద్ద అక్వేరియంలలో ఉంచుతారు. చల్లటి నీరు, మసక వెలుతురు కావాలి. అటువైపు ఉన్న మన తెలుగువారు పిల్లలతో వెళ్తే తొట్టె ముందు రెండు నిమిషాలు ఆగి, కళ్లు చీకటికి అలవాటు పడ్డాక చూడాలి. లోతు జాతులు పైకి తెచ్చాక బతకవు.

అంతరించిపోయే ప్రమాదం ఉందా?

2021లో ప్రచురించిన అంచనాలో అప్పటికి తెలిసిన 52 జాతులనూ, అంతరించే ముప్పును అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ప్రమాణాలతో పరిశీలించారు. 69 శాతానికి ప్రస్తుతానికి ముప్పు లేదన్నారు. 8 శాతం ముప్పులో ఉన్నాయి, మరో 8 శాతం ఆ అంచున ఉన్నాయి. 15 శాతం గురించి చెప్పడానికి సమాచారమే లేదు. 37 శాతం జాతులు ఒక్క దేశంలోనో ఒక్క చోటనో మాత్రమే దొరికాయి.

అంకెలు చూసి ఊపిరి పీల్చుకోవచ్చు. నాకు మాత్రం ఆ 37 శాతం దగ్గరే గుండె ఆగుతుంది. ఒకే చోట ఉండే జాతికి ఆ చోట ట్రాల్ వలలు లోతుకు దిగడం మొదలైతే పరిస్థితి ఏళ్లలోనే మారిపోతుంది. లోతు సొరల్లో ఈ కథ ఇప్పటికే నడిచింది. స్క్వాలీన్ కోసం, అంటే సౌందర్య సాధనాల్లోనూ కొన్ని టీకాల్లోనూ వాడే కాలేయ నూనె పదార్థం కోసం, వాటిని వేటాడారు. లోతు నీటి సొరలు, టేకుల్లో ప్రతి ఏడు జాతుల్లో ఒకటి ముప్పులో ఉందని 2024లో సైన్స్ పత్రికలో వచ్చిన విశ్లేషణ తేల్చింది. కైమేరాల మాంసానికీ నూనెకూ అంత గిరాకీ లేకపోవడమే ఇప్పటిదాకా వాటిని కాపాడింది.

మన తీరంలో ఎవరికైనా దొరికితే ఏం చేయాలి?

ముందు వీపు ముల్లుకు దూరంగా పట్టుకోవాలి. తర్వాత ఫోటోలు తీయాలి. చేప మొత్తం పక్కనుంచి ఒకటి, తల దగ్గరగా ఒకటి, వాజాలు విప్పి ఒకటి, పొట్ట వైపు నుంచి ఒకటి, పక్కన కొలబద్ద పెట్టి. వల ఎంత లోతులో, ఎక్కడ వేశారో రాసుకోవాలి. ముట్టె, తోక కోసేయకూడదు, జాతిని గుర్తుపట్టేది వాటితోనే. మంచులో పెట్టి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విశాఖపట్నం ప్రాంతీయ కేంద్రానికి తెలియజేయవచ్చు. రేవు లెక్కల్లో ‘ఇతర చేపలు’ అన్న గడిలో పడిపోతే ఆ చేప దొరికినా దొరకనట్లే.